బాక్స్ లేవలేదంటే ఫోటోలు పోయినట్టు కాదు

ఇంటి కంప్యూటర్: మీ ప్రశ్నలకు కర్నూలు నుంచి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిది ఒకటే బాధ. ఇంట్లోనో దుకాణంలోనో విండోస్ బదులు లైనక్స్ మీద నడిచే స్టోరేజ్ సర్వర్, అంటే ఫైళ్లన్నీ ఒకచోట దాచే బాక్స్, ఉంది. అప్‌గ్రేడ్ చేశారు, రీస్టార్ట్ చేశారు, అది మళ్లీ లేవలేదు. ఐదింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. ముందే ఒక మాట: కమాండ్లను నోటితో పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. గీత ఉన్నచోట గీత, ఖాళీ ఉన్నచోట ఖాళీ తప్పకూడదు.

ప్రశ్న: అక్కా, కడపలో ఏడురోడ్ల దగ్గర మాకు ఫోటో స్టూడియో ఉంది. పాత డెస్క్‌టాప్ ఒకటి ఖాళీగా పడి ఉంటే మా బామ్మర్ది దాంట్లో డెబియన్ 11 అనే లైనక్స్, ఫైళ్లను మిగతా కంప్యూటర్లకు పంచే సాంబా వేసి స్టూడియో అంతటికీ స్టోరేజ్ సర్వర్‌గా చేసిచ్చాడు. 2 టీబీ డిస్కులు రెండున్నాయి. ఒకదాంట్లో ఫోటోలు, రెండోదాంట్లో రోజూ రాత్రి వాటి కాపీ. సిస్టమ్ మొదట 80 జీబీ పాత డిస్కు మీద ఉండేది. పోయినేడు దాన్ని ఉన్నదున్నట్టు 120 జీబీ ఎస్ఎస్‌డీకి కాపీ చేసి, పాతది పీకేశాం. ఆదివారం రాత్రి డెబియన్ 12కి అప్‌గ్రేడ్ చేశాను. మధ్యలో నీలం స్క్రీన్ వచ్చి, సిస్టమ్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రాంను ఏ డిస్కు మీద వేయాలని అడిగింది. మూడు డిస్కులు చూపించింది. మొదటిది ఎస్‌డీఏ కదా అని దానికి స్టార్ పెట్టి ఓకే కొట్టాను. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ‘సింబల్ నాట్ ఫౌండ్’ అని, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని వచ్చి ఆగిపోయింది. తొమ్మిదేళ్ల పెళ్లిళ్లు అందులోనే ఉన్నాయి. గురువారం ఒక ఆల్బం ఇవ్వాలి. తెలిసిన మెకానిక్ ‘డిస్కులు తెచ్చియ్, ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తా’ అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, గురువారం ఆల్బం అన్నారని చూశాక పత్రిక అచ్చయ్యేదాకా ఆగబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే మీకు ఫోన్ చేశాను. గంటన్నర మాట్లాడుకుంటూ మనం చేసిందే, మీరు సరేనన్నారు కాబట్టి, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఫోన్ ఎత్తగానే నేనన్న మొదటి మాట మీకు గుర్తుండే ఉంటుంది: ‘నాయనా, డిస్కులు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.’ అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, నాలుగేళ్ల కిందట మా పక్కవీధి ఆమె ఇలాంటి డిస్కునే ఒక షాపుకు తీసుకెళ్లింది. డిస్కులో ఫైళ్లు సర్దడానికి లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతి విండోస్‌కు తెలియదు. అలాంటి డిస్కు తగిలించగానే ‘దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అని చిన్న పెట్టె ఒకటి పైకొస్తుంది. బటన్ ఎదురుగానే ఉంటుంది. షాపులో కుర్రాడు అలవాటుగా నొక్కేశాడు. ఆమె కొడుకు అన్నప్రాసన ఫోటోల్లో సగం కూడా తిరిగి రాలేదు. ఆ నిమిషం దాకా ఆ డిస్కుకు ఏ జబ్బూ లేదు. బూట్ కాని, అంటే లేవని, బాక్స్ తెచ్చినవాళ్లను నేను ఇప్పటికీ అడిగే మొదటి ప్రశ్న ‘దీన్ని విండోస్ ల్యాప్‌టాప్‌కు పెట్టారా?’ అనే.

ఇక మీ స్క్రీన్ సంగతి. కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రాం లేస్తుంది. అది డిస్కు మొదట్లో ఉన్న గ్రబ్‌ను పిలుస్తుంది. గ్రబ్ వెళ్లి సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌ను లేపుతుంది. కెర్నెల్ లేచాకే మీ ఫోటోల డిస్కును తెరవడమనే మాట వస్తుంది. మీది గ్రబ్ దగ్గరే ఆగింది. అంటే ఆ పూట ఫోటోల జోలికి ఎవరూ పోలేదు. మీరు ఫోన్‌లో ‘అయితే ఉన్నట్టేనా అక్కా?’ అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఉన్నట్టేనన్నాను.

గ్రబ్ ఒకే ముక్క కాదు, రెండు ముక్కలు. మొదటి ముక్క డిస్కు తల దగ్గర, ఏ ఫోల్డర్‌లోనూ కనిపించకుండా ఉంటుంది. రెండోది మామూలు ఫైళ్లుగా /బూట్/గ్రబ్ ఫోల్డర్‌లో ఉంటుంది. రెండూ ఒకే వెర్షన్‌వి కావాలి. మీరు స్టార్ పెట్టిన ఎస్‌డీఏ మీ ఎస్ఎస్‌డీ కాదు, 2 టీబీ డిస్కుల్లో ఒకటి. కొత్త గ్రబ్ తాలూకు మొదటి ముక్క పోయి ఆ 2 టీబీ డిస్కు తల మీద కూర్చుంది. రెండో ముక్క మాత్రం ఎస్ఎస్‌డీలోని ఫోల్డర్‌లో కొత్తదైంది. బయోస్ ఎప్పటిలాగే ఎస్ఎస్‌డీని లేపింది. అక్కడున్నది పాత మొదటి ముక్క. అది కొత్త ఫైళ్లను తెరిచి తనకు తెలిసిన పేరుతో వెతికింది, ఆ పేరు అక్కడ లేదు. ‘సింబల్ నాట్ ఫౌండ్’ అంటే ఇంతే.

అసలు ఆ నీలం స్క్రీన్ ఎందుకొచ్చిందో చూడండి. గ్రబ్‌ను ఏ డిస్కు మీద వేశారో ఆ డిస్కు మోడల్, సీరియల్ నంబరుతో సహా డెబియన్ రాసిపెట్టుకుంటుంది. మీరు 80 జీబీ డిస్కు పీకేశారు. అప్‌గ్రేడ్ సమయంలో అది వెతికితే దొరకలేదు. ‘ఇంతకుముందు గ్రబ్ వేసిన డిస్కు ఇప్పుడు లేదు, లేదా దాని గుర్తింపు మారింది’ అని ఆ స్క్రీన్ పై భాగంలో రాసే ఉంటుంది. అప్‌గ్రేడ్ పొడుగునా స్క్రీన్లు వస్తూనే ఉంటాయి కాబట్టి దేన్నీ చదవకుండా ఓకే కొట్టడం అందరికీ అలవాటైపోయింది. నీలం స్క్రీన్ వస్తే మాత్రం చెయ్యి కీబోర్డు మీంచి తీసేయండి. పూర్తిగా చదివాకే ముట్టుకోండి.

ఎస్‌డీఏ అంటే సిస్టమ్ డిస్కు అనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ చాలామందిలో ఉంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి డిస్కులకు పుట్టుకతో వచ్చిన పేర్లు కావు. కెర్నెల్‌కు ఏది ముందు కనిపిస్తే దానికి ఏ, తర్వాతిదానికి బీ. కేబుల్ వేరే పోర్టుకు మారిస్తే పేరూ మారొచ్చు. సైజు, మోడల్ చూసి గుర్తుపట్టాలి. మీ విషయంలో మూడింటిలో 120 జీబీది ఒక్కటే కాబట్టి పొరపాటు పడే వీలే లేదు.

పై లెక్క అర్థమైతే దారి అందులోనే ఉంది. సరైన మొదటి ముక్క ఎక్కడో పోలేదు, 2 టీబీ డిస్కు తల మీద ఉంది. బయోస్‌ను ఎస్ఎస్‌డీ బదులు ఆ డిస్కు నుంచి లేపమంటే చాలు. అది లేచి, ఎస్ఎస్‌డీలో ఉన్న తన రెండో ముక్కను యూయూఐడీ అనే గుర్తింపుతో వెతుక్కుంటుంది. అందుకే మిమ్మల్ని ఆన్ చేసిన వెంటనే ఎఫ్12 టకటకా కొట్టమన్నాను. కొన్ని బోర్డుల్లో ఇది ఎఫ్11, కొన్నింట్లో ఎఫ్8, కొన్నింట్లో ఎస్కేప్. మీకు నాలుగోసారికి మెనూ వచ్చింది. మూడు పేర్లు చదివారు. రెండు 2 టీబీల్లో ఏదో తెలియక మొదటిదాని మీద ఎంటర్ కొట్టారు. ‘బూటబుల్ డివైస్ లేదు’ అంది. మీ గొంతు తడారిపోయింది. పర్వాలేదు, రెండోది కొట్టండి అన్నాను. కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత ‘అక్కా, డెబియన్ అని మెనూ వచ్చింది’ అన్నారు. మీ వెనకాల ఎవరో చప్పట్లు కొట్టడం ఇక్కడికి వినిపించింది.

లాగిన్ వచ్చిందంటే రిపేరు అయిపోయినట్టు కాదు. కానీ రిపేరుకు ముందు మిమ్మల్ని ఒక పని చేయించాను, మీకు కొంచెం విసుగొచ్చింది కూడా: గురువారం ఇవ్వాల్సిన పెళ్లి ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోమన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ పట్టుకునే కూర్చున్నాం. సిస్టమ్ లేచిన వెంటనే మనిషికి దాన్ని బాగుచేయాలనిపిస్తుంది. ముందు కావలసింది బయటికి తెచ్చుకోవాలి, బాగుచేయడం ఆ తర్వాత.

ఆ తర్వాత రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాలో, ‘ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్’ కొట్టారు. 120 జీబీది ఎస్‌డీసీ అని తేలింది. ‘గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీసీ’ కొట్టారు. చివర నంబరు ఉండకూడదు. ఎస్‌డీసీ1 కాదు, ఎస్‌డీసీ, ఎందుకంటే గ్రబ్ వేసేది మొత్తం డిస్కు తలకు. ‘నో ఎర్రర్ రిపోర్టెడ్’ అని వచ్చాక ‘అప్‌డేట్-గ్రబ్’. చివరగా, చాలామంది వదిలేసేది: ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ’. అదే నీలం స్క్రీన్ మళ్లీ వస్తుంది. ఈసారి స్పేస్ బార్‌తో 2 టీబీ మీద స్టార్ తీసేసి ఎస్ఎస్‌డీ మీద పెట్టారు. ఇది చేయకపోతే వచ్చే నెల గ్రబ్‌కు చిన్న అప్‌డేట్ వచ్చినా మళ్లీ 2 టీబీ డిస్కు మీదే పడి, ఇదే కథ మొదటికొస్తుంది.

2 టీబీ డిస్కు మీద పడిన గ్రబ్ వల్ల ఫోటోలకు ఏమైనా అయ్యిందా అని రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టారు. ఏమీ కాలేదు. డిస్కును ఏయే భాగాలుగా విడగొట్టారో చెప్పేది పార్టీషన్ పట్టిక. మీ డిస్కులో ఉన్నది పాత పద్ధతిది. అందులో మొదటి సెక్టార్ 512 బైట్లు. గ్రబ్ కోడ్‌కు అందులో 446 బైట్ల చోటు ఉంటుంది, పార్టీషన్ పట్టిక ఆ తర్వాత 64 బైట్లు. మిగతా కోడ్ మొదటి పార్టీషన్‌కు ముందున్న ఖాళీలో కూర్చుంటుంది. విండోస్ 7 కాలం నుంచీ పార్టీషన్ మామూలుగా 2048వ సెక్టార్ దగ్గర, అంటే 1 ఎంబీ వదిలాకే మొదలవుతుంది. మీ పెళ్లిళ్లన్నీ ఆ గీతకు అవతలే ఉన్నాయి. ఆ గ్రబ్‌ను తుడవాలని చూడకండి, అలా ఉండనివ్వండి.

ఎఫ్12తో ఏ డిస్కూ లేవకపోతే? ఇంకో కంప్యూటర్లో డెబియన్ లైవ్ పెన్‌డ్రైవ్ చేసుకుని దాంతో లేపాలి. ముందు ఎస్ఎస్‌డీలో సిస్టమ్ ఉన్న భాగాన్ని (రూట్ పార్టీషన్‌ను) /ఎంఎన్‌టీ ఫోల్డర్ దగ్గర మౌంట్ చేసి, అంటే తగిలించి, /డెవ్, /ప్రోక్, /సిస్ మూడింటినీ ‘మౌంట్ --బైండ్’తో లోపలికి తెచ్చి, ‘సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ’ అంటే పెన్‌డ్రైవ్ మీద నిలబడి మీ సొంత సిస్టమ్ లోపలికి వెళ్లినట్టే. అక్కడి నుంచి గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ ఎప్పటిలాగే. ఒక జాగ్రత్త: సిస్టమ్ పాత బయోస్ పద్ధతిలో వేసి ఉంటే పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో లేపాలి. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ కనిపిస్తే మీరు యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో లేచారని అర్థం. ఇది కలవకే సగంమంది రాత్రంతా కూర్చుంటారు.

ఇంకొకటి, ఫోన్‌లో చెప్పలేకపోయాను. మీ కాపీ డిస్కు కూడా అదే డబ్బాలో ఉంది తమ్ముడూ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూల్లోకి వచ్చినప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్లం. మా అమ్మానాన్నల పెళ్లి ఆల్బం బీరువా పైఅరలో ఒకటి, మా అత్త ఇంట్లో ఇంకొకటి ఉండేవి. అత్తవాళ్లది అదే వీధి. రెండూ మునిగాయి. నీళ్లు తీశాక ఎండలో పెట్టి పేజీ విడదీయబోతే, అమ్మ ముఖం ఫోటో మీంచి లేచి పైనున్న ప్లాస్టిక్ కాగితానికి అంటుకుని వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మూడో డిస్కు ఒకటి కొని, నెలకోసారి కాపీ చేసి, మీ అత్తగారి ఊళ్లోనో ఇంకెక్కడో వేరే ఊళ్లో పెట్టండి. ఈ వారమే చేయండి.

ప్రశ్న: అమ్మా, నేను అనంతపురంలో రిటైరైన టీచర్ను. మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు ఇంట్లో డెబియన్ సర్వర్ పెట్టిచ్చాడు. బయట యూఎస్‌బీ డిస్కులో మనవరాలి వీడియోలు, నా పాఠాల స్కాన్లు ఉంటాయి. అప్‌గ్రేడ్‌కు ముందు డేటా డిస్కు పీకి పక్కన పెట్టమని మీరు ఈ శీర్షికలోనే రాశారు. అలాగే చేశాను. అప్‌గ్రేడ్ ఏ ఆటంకం లేకుండా అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే ఒక ఎర్ర చుక్క అటూ ఇటూ తిరుగుతూ ఒకటిన్నర నిమిషం లెక్క చూపించి, ‘ఎమర్జెన్సీ మోడ్’ అని రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది. అబ్బాయి ఆఫీసు పనిలో ఉన్నాడు. అడగాలంటే మొహమాటంగా ఉంది.

జవాబు: మాస్టారూ, తప్పు మీది కాదు, నాది. డిస్కు పీకమన్నాను కానీ పీకితే ఏమవుతుందో చెప్పలేదు. మీరు చేయాల్సింది ఇంతే: బాక్స్ ఆఫ్ చేసి, యూఎస్‌బీ డిస్కు మళ్లీ తగిలించి, ఆన్ చేయండి. మామూలుగా లేస్తుంది.

ఇలా ఎందుకయ్యిందంటే, లేచేటప్పుడు ఏ డిస్కును ఏ ఫోల్డర్ దగ్గర తగిలించాలో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో రాసి ఉంటుంది. అక్కడ రాసిన డిస్కు కనపడకపోతే సిస్టమ్ 90 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ రాకపోతే ‘ముఖ్యమైనదేదో లేదు, మనిషి వచ్చి చూడాలి’ అని ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మీ యూఎస్‌బీ డిస్కు ముఖ్యమైనదో కాదో దానికి తెలియదు. మనమే చెప్పాలి. రూట్‌గా ‘నానో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్’ తెరిస్తే మీ డిస్కు వరస కనిపిస్తుంది. ఒక్కో వరసలో ఆరు భాగాలు. నాలుగో భాగంలో ‘డిఫాల్ట్స్’ అని ఉంటే దాని పక్కనే ఖాళీ లేకుండా కామా పెట్టి ‘నోఫెయిల్’ అని చేర్చండి. దానికి ఇంకో కామా పెట్టి ‘ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్’ అని కూడా చేరిస్తే ఒకటిన్నర నిమిషం బదులు పది సెకన్లే చూసి ముందుకెళ్తుంది. సేవ్ చేశాక రీస్టార్ట్ చేయకుండా ముందు ‘సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్’, తర్వాత ‘మౌంట్ -ఏ’ కొట్టండి. ఏ తిట్టూ రాకపోతే రాసింది సరిగానే ఉన్నట్టు.

నోఫెయిల్ పెట్టాక ఒక ప్రమాదం ఉంది, ఇది కూడా ఈసారే చెప్పేస్తాను. డిస్కు లేకపోయినా బాక్స్ లేస్తుంది కాబట్టి, డిస్కు తగిలే ఫోల్డర్ ఖాళీగా అలాగే ఉంటుంది. మీ అబ్బాయి రాత్రి కాపీకి ఏదైనా స్క్రిప్ట్ పెట్టి ఉంటే, అది ఆ ఖాళీ ఫోల్డర్లోకే, అంటే సిస్టమ్ డిస్కులోకే వీడియోలన్నీ కుమ్మరిస్తుంది. రెండు రాత్రుల్లో సిస్టమ్ డిస్కు నిండిపోతుంది. స్క్రిప్ట్ మొదట్లో ‘మౌంట్‌పాయింట్ -క్యూ’ అని ఆ ఫోల్డర్ పేరుతో ఒక పరీక్ష పెట్టమని అబ్బాయికి చెప్పండి, తగిలి లేకపోతే ఆగిపోతుంది. మొహమాటపడకండి మాస్టారూ. మనవరాలి వీడియోల సంగతి కదా, ఆ రాత్రే చేసి పెడతాడు.

ప్రశ్న: అక్కా, కర్నూల్లోనే మాకు బట్టల దుకాణం ఉంది. బిల్లుల స్కాన్లు దాచే డెబియన్ బాక్స్‌ను అప్‌గ్రేడ్ చేయిస్తే ఇప్పుడు ‘కెర్నెల్ పానిక్, అన్ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్’ అని వచ్చి ఆగిపోతోంది. హార్డ్ డిస్కు పోయిందా?

జవాబు: పోలేదమ్మా. కొత్త కెర్నెల్ వచ్చింది కానీ దాని వెంట రావలసిన చిన్న సంచి రాలేదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అంటారు దాన్ని. డిస్కును తెరవడానికి కావలసిన డ్రైవర్లు అందులో ఉంటాయి. మీ డిస్కు వేసినవాళ్లు /బూట్‌కు విడిగా అర జీబీ పార్టీషన్ ఇచ్చి ఉంటారు. ఏళ్ల తరబడి పాత కెర్నెల్‌లు అందులో పోగుపడ్డాయి. కొత్తదాని సంచి రాసే సమయానికి చోటు లేదు. అప్‌గ్రేడ్‌లో ‘నో స్పేస్ లెఫ్ట్’ అని ఒక వరస తప్పకుండా వచ్చి ఉంటుంది, వందల వరసల్లో అది ఎవరి కంటా పడి ఉండదు.

ఆన్ చేశాక గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లండి. అక్కడ 6.1తో మొదలయ్యేది డెబియన్ 12 కెర్నెల్, 5.10తో మొదలయ్యేది పాత 11ది. 5.10 ఎంచుకుంటే లేస్తుంది. లేచాక ‘డీఎఫ్ -హెచ్ /బూట్’ అంటే నూటికి నూరు నిండి కనిపిస్తుంది. ‘యూనేమ్ -ఆర్’ కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ పేరు చెబుతుంది. దాన్ని ముట్టుకోకుండా అంతకన్నా పాతవాటిని ‘ఏపీటీ పర్జ్’తో ఒక్కొక్కటే తీసేయండి. ఫైళ్లను చేత్తో డిలీట్ చేయొద్దు. తర్వాత ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ కొడితే సగంలో ఆగిన పనిని అది పూర్తి చేస్తుంది. /బూట్‌లో 6.1 పేరుతో ‘ఇనిట్‌ఆర్‌డీ’ ఫైల్ కనిపించిందని మీ కళ్లతో చూశాకే రీస్టార్ట్ చేయండి. వచ్చిన మనిషికి ఈ పేజీ చూపిస్తే చాలు, పావుగంట పని.

ప్రశ్న: మేడమ్, అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. అప్‌గ్రేడ్ రోజే డిస్కులు చాలక, అదనపు డిస్కులు తగిలించే సాటా కార్డు ఒకటి కూడా పెట్టాను. ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో మాత్రం సర్వర్ కనిపించడం లేదు. బూట్ కావడం లేదనుకుంటా.

జవాబు: అనుకోవద్దమ్మా, చూడు. మానిటర్ తగిలించు. లాగిన్ కనిపిస్తే అది బూట్ అయినట్టే, నెట్‌వర్క్‌లోకి రావడం లేదంతే. నెట్‌వర్క్ పోర్టుకు పేరు అది ఏ స్లాట్ నంబరులో ఉందో దాన్నిబట్టి వస్తుంది. నువ్వు కార్డు పెట్టడంతో నంబర్లు జరిగి ‘ఈఎన్‌పీ2ఎస్0’ కాస్తా ‘ఈఎన్‌పీ3ఎస్0’ అయి ఉంటుంది. ‘ఐపీ ఏ’ కొడితే ఇప్పటి పేరు తెలుస్తుంది. /ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో పాత పేరున్న చోటల్లా కొత్తది రాసి రీస్టార్ట్ చెయ్యి. పేరు మారకుండా పోర్టే కనిపించకపోతే అప్పుడు ఫర్మ్‌వేర్, అంటే పోర్టును నడిపించే చిన్న ప్రోగ్రాం, సంగతి చూడాలి. డెబియన్ 12 నుంచి ఆ ప్యాకేజీలు ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే విడి భాగంలోకి వెళ్లాయి, ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ లిస్టులో ఆ మాట చేర్చాలి. ఇంకోసారి మాత్రం ఒకే రోజు రెండు మార్పులు చేయకు. ఏది దేనివల్ల అయిందో తెలుసుకోవడానికి నాలాంటివాళ్లకే చాలాసేపు పడుతుంది.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నాను. మా సర్వర్‌కు మానిటర్, కీబోర్డు ఉండవు, అటక మీద ఉంటుంది. ఏడాదిగా ఆపింది లేదు. పోయిన నెల అప్‌గ్రేడ్ చేసినప్పటి నుంచీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లేవడం లేదు. కిందికి దించి మానిటర్ పెట్టి ఏదో ఒక కీ నొక్కితే లేస్తుంది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లాలా?

జవాబు: వెళ్లొద్దన్నా. అప్‌గ్రేడ్‌కూ దీనికీ సంబంధం లేదనే నా నమ్మకం. ఏడాదిగా ఆగని బాక్స్‌లో ఏడాదిగా పెరిగిన జబ్బు ఏదున్నా మొదటిసారి ఆపి లేపినప్పుడే బయటపడుతుంది. ఆ రోజు అప్‌గ్రేడ్ చేసి ఉంటే నింద దానిమీద పడుతుంది. కీ నొక్కేటప్పుడు స్క్రీన్ మీద ఏముందో ఈసారి చదవండి. ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి’ అన్న తరహా మాట ఉంటే మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయినట్టు. రూపాయి బిళ్లలా గుండ్రంగా, మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. 3 వోల్టులది, వాచీల షాపులో అడిగినా ఇస్తారు. కరెంటు ఉన్నంతసేపూ దాని అవసరం పడదు. కరెంటు పోతే బయోస్ తన తేదీని, బూట్ క్రమాన్ని మర్చిపోయి, లేచేటప్పుడు ఎఫ్1 కోసం కూర్చుంటుంది. అటక మీద ఆ కీ నొక్కేవాళ్లెవరు?

ప్లగ్ పీకి, కొత్తది రాత వైపు పైకి ఉండేలా వేయండి. తర్వాత మానిటర్, కీబోర్డు పెట్టి బయోస్‌లోకి వెళ్లి మూడు చూసుకోవాలి. తేదీ, సమయం సరిచేయాలి. బూట్ క్రమంలో సిస్టమ్ డిస్కు మొదట ఉండాలి. మూడోది, కరెంటు తిరిగొచ్చినప్పుడు దానంతటదే ఆన్ కావాలనే సెట్టింగ్. పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ‘ఏసీ పవర్ లాస్’ పేరుతో ఉంటుంది, దాన్ని ‘ఆన్’లో పెట్టాలి. ఎఫ్10 కొట్టి సేవ్ చేశాక, అటక ఎక్కించక ముందే ప్లగ్ ఒకసారి పీకి, రెండు నిమిషాలాగి పెట్టి, కీబోర్డు లేకుండా లేస్తోందో లేదో చూడండి.